రెండో గైడా ఎవరిది

గోర్నో ఓరెహోవో
12 ఏప్రిల్ 1995

నా చెల్లెలి బిడ్డ ఫిదాంకాకు,

ఇక్కడ నేనూ మేకలూ బాగున్నాం. నీ ఉత్తరం సోమవారం వచ్చింది. వెంటనే చదవలేదు. పొయ్యి పక్కన అర మీద పెట్టి పాలు పితకడానికి వెళ్లిపోయాను. ఏం రాశావో తెలుసు కాబట్టే చదవలేదు. అంతకు ముందే పాటల బృందం నడిపే కోస్తాదిన్ వచ్చి అదే మాట అడిగి, నా మొహం చూసి, కాఫీ కూడా పూర్తిగా తాగకుండా లేచి వెళ్లాడు.

చెక్ దేశంలో గైడాల పండుగకు, తోలు తిత్తులు ఊదేవాళ్ల పండుగకు, పిలుపు వచ్చింది మన పాటల బృందానికే అయినా, అది వచ్చింది నా బిడ్డ వెలిన్ వల్లే కదా. పోయిన వేసవిలో ఆ కాగితం జేబులో పెట్టుకుని వాడు ఊరంతా తిరిగాడు. సరిహద్దులో కస్టమ్స్ వాళ్లు గైడా చూసి ఏమడుగుతారో, తను ఏం చెప్పాలో మేకల ముందు నిలబడి పాఠం అప్పజెప్పేవాడు. "అయ్యా, ఇది అమ్మకానికి కాదు, మా తాతది, నేను ఊదుకునేది, తిరిగి తెచ్చుకుంటాను." మేకలు వాడి మొహం చూస్తూ నమిలేవి. ముప్పై నాలుగేళ్లవాడు, మీసాలున్నవాడు, బడిపిల్లవాడిలా. నేను నవ్వి, సోఫియా కూడా చూడనివాడివి నీకు సరిహద్దులెందుకురా అన్నాను. అక్టోబర్లో అడవిలో దుంగ జారింది. ఆ మిగతాదంతా నీకు తెలుసు, రాయను.

నీకు తెలియనిది ఒకటి రాస్తాను. ఆ ముందురోజు ఆదివారం, వాడు ఒక పెళ్లిలో ఊది వచ్చాడు. ఎప్పటిలాగే వాల్‌నట్ చెట్ల మలుపు దగ్గరి నుంచే ఊదుకుంటూ వచ్చాడు. ఆ పాట వినిపించాకే నేను బంగాళదుంపల రొట్టె పొయ్యి మీద పెడతాను. వాడు గుమ్మం తొక్కేసరికి ఒక వైపు కాలి ఉంటుంది. తిని, గైడాను మంచం మీద పడుకోబెట్టి, పొద్దున్నే అడవికి వెళ్లాడు. సోమవారం మధ్యాహ్నం మనుషులు వచ్చి చెప్పినప్పుడు ఆ తిత్తి ఇంకా సగం ఉబ్బే ఉంది. నేను ఏడవలేదు. మూడు గొట్టాలకూ మూడు బిరడాలు కొట్టాను. వాడి ఊపిరి దాంట్లో ఉండిపోయింది. అప్పటి నుంచి దాన్ని ఎవరూ ముట్టలేదు.

వెలిన్ బదులు నిన్ను తీసుకెళ్తానంటూ కోస్తాదిన్ ఏమన్నాడో తెలుసా. "ఆడపిల్ల గైడా ఊదితే నలుగురూ నవ్వుతారనుకున్నాను, స్రెబ్రా వదినా. కానీ వెలిన్ చేతి నేర్పు దానికే వచ్చింది, ఇంకెవరికీ రాలేదు." ఆ మాట నిజం. చిన్నప్పుడు సెలవుల్లో వస్తే మీరిద్దరూ ఒకే గైడా వాయించేవాళ్లు. వాడు ఊదేవాడు, నువ్వు వేళ్లు ఆడించేదానివి. ఒకే జంతువుకు రెండు తలల్లా ఉండేది. ఊళ్లో నిన్ను మీసాలు లేని గైడాకారుడు అనేవారు.

గైడాను పంపిస్తాను. వాడు వెళ్లాలనుకున్న చోటికి వాడిది వెళ్లాలి. కానీ ఊదడానికి కాదు. నువ్వు నీ చిన్న గైడా ఊదు. వాడిది వేదిక మీద ఒక కుర్చీలో పెట్టు, పక్కన వాడి ఫొటో పెట్టు. బిరడాలు తీయొద్దు. తిరిగి తెచ్చి నా చేతికివ్వు. మాట ఇస్తే చాలు, ఒట్టు వద్దు.

ఈ ఏడు ఈస్టర్‌కు గుడ్లకు ఎర్ర రంగు వెయ్యడం లేదు. మీ అమ్మను నా వంతు కూడా వెయ్యమను. దాని మోకాళ్లకు ఉప్పు కాపడం పెట్టమని చెప్పు, చెప్పినా పెట్టదు.

నీ పెద్దమ్మ
స్రెబ్రా


ప్లొవ్దివ్
21 ఏప్రిల్ 1995

పెద్దమ్మా,

నీ ఉత్తరం చెప్పుల ఫ్యాక్టరీలో మధ్యాహ్నం విరామంలో చదివాను. పక్కన కూర్చునే ఆవిడ రొట్టె తినడం ఆపి, ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగింది. లేదు, మా పెద్దమ్మ ఒప్పుకుంది అన్నాను. ఆవిడకు ఏమీ అర్థం కాలేదు.

మాట ఇస్తున్నాను. కుర్చీలో పెడతాను. నేను నా చిన్నదే ఊదుతాను.

కోస్తాదిన్ మామ కస్టమ్స్ సంగతి కనుక్కుని వచ్చాడు. సంగీతం వాళ్లు సొంత వాయిద్యం తీసుకెళ్లవచ్చు, వెళ్లేటప్పుడు కాగితం మీద రాయించి, వచ్చేటప్పుడు అదే చూపించాలి. పాత వస్తువులు బయటికి పోయి అక్కడ అమ్ముడైపోతున్నాయట, అందుకని ఈ మధ్య అన్నీ విప్పి చూస్తున్నారట. మన గైడా పాతది, కొమ్ము కట్లు నల్లబడి ఉన్నాయి, చూస్తే మ్యూజియంలోంచి ఎత్తుకొచ్చినట్టుంటుంది. కాబట్టి పెద్దమ్మా, నీ గురించి నాకు తెలుసు కాబట్టి ముందే దండం పెట్టి చెప్తున్నాను, పెట్టెలో గైడా తప్ప ఇంకేమీ పెట్టొద్దు. ఎండిన తులసి వద్దు, గోధుమలు వద్దు, వెల్లుల్లి అసలే వద్దు. ఇంకో దేశపు వాళ్లు ఆ ఆకు చూసి ఏమనుకుంటారో మనకు తెలియదు.

ఇంకొకటి అడగాలి, కోపం తెచ్చుకోకు. ఆరు నెలలైంది. ఊదని తోలు ఎండిపోతుంది. దానికి నీళ్లు పట్టినా సరిపోదు, మనిషి ఊపిరి తేమ కావాలి. వెలిన్ అన్నయ్య నాకు మొదట నేర్పింది అదే. పెట్టెలో పెట్టేముందు ఒక్కసారి, ఎవరూ వినకుండా, నన్ను ఊదనిస్తావా?

అమ్మ మోకాళ్లకు ఉప్పు కాపడం పెట్టలేదు.

నీ ఫిదాంకా


గోర్నో ఓరెహోవో
4 మే 1995

ఫిదాంకా,

పెట్టె రేపు సాబ్రీ చేతికిస్తాను. మిమ్మల్నందరినీ తీసుకెళ్లే బస్సు అతనిదే. సీటు మీద పెట్టి బెల్టు కడతానన్నాడు. "మీ అబ్బాయి నా బస్సులో ఎప్పుడూ ముందు సీటులోనే కూర్చునేవాడు పెద్దమ్మా, ఇప్పుడూ అంతే" అన్నాడు. అతను మంచివాడు, నోరే కొంచెం ఎక్కువ.

నువ్వు అడిగినదానికి, వద్దు. తోలు ఎండితే ఎండనీ. ఎండిన దాంట్లో కూడా వాడిది ఉంటుంది. కొత్త ఊపిరి పోస్తే పాతది ఎక్కడికి పోతుంది? నువ్వు చదువుకున్నదానివి, నువ్వే చెప్పు.

తులసి పెట్టలేదు. గోధుమలు పెట్టలేదు. వెల్లుల్లి పెట్టలేదు, చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాను. నువ్వు చెప్పినట్టే చేశాను. వస్తువన్నది ఒక్కటీ లేదు. ఒక కాగితం మాత్రం పెట్టాను, అది వస్తువు కాదు. వాడు పోయిన ఆరు నెలలకు అచ్చు వేయించిన నల్లంచు సంతాప కాగితాలు తలుపుకు, చర్చి గోడకు, బస్టాపు స్తంభానికి అంటించగా ఒకటి మిగిలింది. వాడి ఫొటో బాగా పడింది అందులో, నవ్వుతూ. మూత లోపలి వైపు పిండి జిగురుతో అంటించాను. కుర్చీ పక్కన పెట్టే ఫొటో కూడా అదే అవుతుంది, వేరే వెతుక్కోనక్కర్లేదు. ఏ ఇంటివాడో ఏ ఊరివాడో అక్కడివాళ్లకు తెలుస్తుంది.

ఎల్లుండి సెయింట్ జార్జ్ పండుగ. మేకలకు పూలదండలు కట్టాలి. పోయిన ఏడు వాడు కట్టాడు. ఈసారి జీవ్కా వదిన వచ్చి సాయం చేస్తానంది. ఆవిడ వస్తే మేకల కంటే ఆవిడకే ఎక్కువ మేత కావాలి, కబుర్ల మేత.

జాగ్రత్తగా వెళ్లి రా. ఆ చలిదేశంలో ఉన్ని మేజోళ్లు వేసుకో. మే నెలే కదా అనకు.

పెద్దమ్మ


రొమేనియా, దాన్యూబ్ దాటాక
17 మే 1995

పెద్దమ్మా,

సరిహద్దు దాటాం. అందరం బాగున్నాం. గైడా బాగుంది. సాబ్రీ బస్సు ఒకసారి వేడెక్కింది, ఇప్పుడు నయం. ఇక్కడ రొట్టె బాగుంది, కాఫీ బాగాలేదు. తర్వాత వివరంగా రాస్తాను.

ఫిదాంకా


గోర్నో ఓరెహోవో
25 మే 1995

ఫిదాంకా,

ఈ ఉత్తరం ప్లొవ్దివ్‌కే రాస్తున్నాను. తిరిగి వచ్చాక చదువుకో. కోపంగా ఉన్నప్పుడు రాస్తున్నాను. రేపు చదివితే చించేస్తానేమో, అందుకే ఈ పూటే పోస్టులో వేస్తున్నాను.

నీ కార్డు అందింది. రొట్టె బాగుందట, కాఫీ బాగాలేదట. ఆ కార్డుకు ముందే నాకు అంతా తెలుసు. సాబ్రీ రొమేనియా నుంచి భార్యకు ఫోన్ చేశాడు. ఆవిడ బావి దగ్గర చెప్పింది. బావి దగ్గర ఉన్నది జీవ్కా వదిన. ఆవిడ నా గుమ్మంలోకి వచ్చేసరికి ఊపిరందక స్తంభం పట్టుకుంది.

మూత తెరిచారట. వెలిన్ కాగితం చూశారట. గైడాను లాక్కోబోయారట. అప్పుడు నువ్వు బిరడాలు తీసి, అందరి ముందూ, వంతెన మీద, ఊదావట. కస్టమ్స్ వాళ్లు చంటిపిల్లల్లా ఏడ్చారట. చివరికి దాన్ని నీ పేరు మీద రాయించుకుని దాటావట. జీవ్కా వదిన ఇదంతా పండుగ కబురులా చెప్పింది. నేను కుర్చీలో కూర్చుండిపోయాను.

ఒట్టు వద్దన్నాను, మాట చాలన్నాను. అది నా తప్పా? అప్పుడే ఊదనిమ్మని అడిగావు, నేను వద్దన్నాను. సందు దొరికింది, ఊదావు. పేరు కూడా మార్పించుకున్నావు. గైడా కావాలంటే నాతో చెప్పవచ్చు కదా. మీ పెదనాన్న తండ్రి ప్లమ్ చెట్టు కొట్టి ఆ గొట్టాలు తొలిచాడు. ఆ ఇంటి మనిషి పేరు కాకుండా వేరే పేరు దాని మీద ఇంతవరకూ పడలేదు.

ఈ మాటలు రాస్తుంటే నాకే చేదుగా ఉంది. నువ్వు అలాంటిదానివి కాదని ఒక చెయ్యి అంటుంది, రాస్తున్న చెయ్యి వినడం లేదు.

మిగతాదంతా వదిలేయి. నాకు ఒక్కటే చెప్పు. బిరడా తీసినప్పుడు దాంట్లో ఊపిరి ఉందా? నువ్వు ఊదకముందు, నీ చంకలో పెట్టి నొక్కినప్పుడు, ఏదైనా పలికిందా? అబద్ధం చెప్పొద్దు. సాబ్రీ చెప్పినట్టు చెప్పొద్దు.

స్రెబ్రా


ప్లొవ్దివ్
9 జూన్ 1995

పెద్దమ్మా,

నిన్న ఇంటికి వచ్చాం. నీ ఉత్తరం తలుపు సందులో ఉంది. బూట్లు కూడా విప్పకుండా చదివాను. కార్డులో ఏమీ రాయకపోవడం నా పిరికితనం. ఎదురుగా కూర్చుని చెబుదామనుకున్నాను. నాకంటే ముందు సాబ్రీ భార్య చెప్పింది.

నువ్వు అడిగినదానికి ముందు జవాబు. బిరడాలు తీశాను. చంకలో పెట్టి నొక్కాను. ఏమీ పలకలేదు. తిత్తి చదునుగా, ఎండుటాకులా ఉంది. దాంట్లో ఊపిరి లేదు పెద్దమ్మా. అబద్ధం చెప్పొద్దన్నావు. చెప్పాలని చాలా అనిపించింది.

ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తాను.

వంతెన ఇవతల మన కస్టమ్స్ దగ్గర అందరినీ దింపారు. సామాను బల్లల మీద పెట్టించారు. అధికారి పెద్దాయన, బూడిదరంగు మీసాలు, మొరటువాడేం కాదు. ముందు నా చిన్న గైడా చూశాడు, రాసుకున్నాడు. తర్వాత పెట్టె తెరవమన్నాడు. మూత ఎత్తగానే వెలిన్ అన్నయ్య నల్లంచులోంచి ఆయన వైపు నవ్వాడు. ఆయన కాగితం మొత్తం చదివాడు, పెదవులు కదుపుతూ, మనం స్తంభాల దగ్గర నిలబడి చదివినట్టే. చివర మెల్లగా శిలువ గుర్తు వేసుకున్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగాడు.

"ఆ చిన్నది నీది. మరి ఈ రెండో గైడా ఎవరిది?"

కోస్తాదిన్ మామ ముందుకొచ్చి, అది ఈ చనిపోయినవాడిది, వేదిక మీద కుర్చీలో పెడతాం, ఎవరూ ఊదరు, అంతే, అన్నాడు. మామ మన కష్టం చెప్పాననుకున్నాడు. పెద్దాయనకు వినిపించింది వేరు. ఒక మనిషికి ఒక వాయిద్యమైతే సొంత సామాను. పాతది, ఎవరూ ఊదనిది, యజమాని పోయినది అయితే అది సరుకు, లేకపోతే పురాతన వస్తువు. దానికి సోఫియా నుంచి అనుమతి కావాలి. మీరు తిరిగొచ్చేదాకా మా గోదాములో ఉంచుతాం, రసీదు ఇస్తాం, భయపడొద్దు, అన్నాడు. నిజంగా మర్యాదగానే అన్నాడు.

ఆ గోదాము తలుపు తెరిచే ఉంది. పట్టుకున్న సిగరెట్ పెట్టెలు, టైర్లు, తడిసిన కార్పెట్లు. చెమ్మ వాసన మా దాకా వచ్చింది.

పెద్దమ్మా, అక్కడ నేను నీ గురించే ఆలోచించాను. నీకిచ్చిన మాట నిలబెట్టాలంటే అన్నయ్యను ఆ టైర్ల పక్కన వదిలేసి వెళ్లాలి. వదలకూడదంటే మాట తప్పాలి. మూడో దారి కోసం మామ వైపు చూశాను, మామ నేల వైపు చూస్తున్నాడు.

అప్పుడు అన్నయ్య మేకల ముందు అప్పజెప్పిన పాఠం గుర్తొచ్చింది. అయ్యా, ఇది అమ్మకానికి కాదు, నేను ఊదుకునేది, తిరిగి తెచ్చుకుంటాను, అన్నాను. పెద్దాయన తల ఊపి, "అయితే ఊదు బిడ్డా. ఊదితే నీది" అన్నాడు.

బిరడాలు తీశాను. తోలుకు నోటితో నీళ్లు పట్టాను. మొదటి ఊపిరికి తిత్తి మూలిగింది, నీలాగే మొండికేసింది. రెండోదానికి కొంచెం లేచింది. చాలాసేపు ఊదాక శ్రుతి గొట్టం పలికింది. ముందు బొంగురుగా, తర్వాత నిలబడింది. నేను వేరే పాట ఆలోచించలేదు. మలుపు దగ్గరి పాటే వచ్చింది.

ఎవరూ చంటిపిల్లల్లా ఏడవలేదు. సాబ్రీ ఒక్కడే ఏడ్చాడు. పెద్దాయన టోపీ తీసి బల్ల మీది కాగితాలపై పెట్టాడు, గాలికి ఎగరకుండానో మరెందుకో తెలియదు. వెనక లారీ వాళ్లు హారన్లు ఆపేశారు. పాట అయ్యాక ఆయన టోపీ పెట్టుకుని, సొంత వాయిద్యం అని రాసి, యజమాని పేరు దగ్గర నన్ను చూశాడు. నీ పేరు చెప్పబోయాను. యజమాని ఊదేవాళ్లే అయ్యుండాలి, ఈ బల్ల దగ్గర నిలబడి ఉండాలి, అన్నాడు. అలా నా పేరు పడింది. మీసాలు లేని నా పేరు. దేనికీ ఆశపడి కాదు.

అప్పుడు నా చిన్న గైడా రెండోదైపోయింది. దాన్ని పాటలు పాడే మీనా పేరున రాశారు. మీనా గైడా ఊదితే ఊళ్లో కోళ్లు గుడ్లు పెట్టడం మానేస్తాయి. ఆయన ఆమెను ఊదమనలేదు. ఆమె మొహం చూసి, మాకు పని ఉంది వెళ్లండి అన్నాడు. కాగితాన్ని మూతకు మళ్లీ సరిగ్గా నొక్కి అంటించింది కూడా ఆయనే. ఒక మూల లేచి ఉంది.

ఇప్పుడు ఇంకా కష్టమైనది రాయాలి.

మొదటి రోజు మాట ప్రకారమే చేశాను. గైడా కుర్చీలో, మూత తెరిచి పక్కన. నేను చిన్నది ఊదాను. ఎన్నో దేశాలవాళ్లు వచ్చి కుర్చీ ముందు ఆగారు. ఆ ప్రాంతపు ముసలాయన ఒకడు, తనూ తిత్తి ఊదేవాడే, తోలును బొటనవేలితో తడిమాడు. ఏదో అన్నాడు. తెలిసినవాళ్లు తర్జుమా చేశారు. దీనికి దాహంగా ఉంది, అన్నాడట. నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు కుర్చీలోంచి తీసుకుని వేదిక మీదికి వెళ్లాను. ఈసారి కస్టమ్స్ లేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. అది పూర్తిగా నేను చేసిందే.

బాగా పలికింది పెద్దమ్మా. ఎంత బాగా పలికిందో రాయడం నాకు రాదు. సగం పాటలో తిత్తి మెడ దగ్గర తోలు చిరిగింది. గాలి జారిపోయి శ్రుతి కూలిపోయింది. నేను గొట్టం పట్టుకుని అలా నిలబడిపోయాను. అప్పుడు వెనక నుంచి శ్రుతి మళ్లీ వచ్చింది. మీనా, మిగతా ఆడవాళ్లు, నోటితో పట్టుకున్నారు. అదే స్వరం, గైడాదే. ఒకరు ఊపిరి తీసుకుంటే ఇంకొకరు పట్టారు. తెగనివ్వలేదు. దాని మీద మిగిలిన పాట నేను గొంతుతో పాడాను. నా గొంతు నీకు తెలుసు కదా, అయినా పాడాను.

వచ్చేటప్పుడు అదే పెద్దాయన ఉన్నాడు. పెట్టె తెరిచి చిరుగు చూశాడు. తిరిగి వచ్చింది అని రాసుకున్నాడు.

గైడా నా మంచం మీద ఉంది. గొట్టాలకు ఏమీ కాలేదు. కానీ చిరిగిన తిత్తితో నీ గుమ్మంలోకి రావడానికి నాకు కాళ్లు రావడం లేదు. కోస్తాదిన్ మామతో పంపించేస్తాను. కస్టమ్స్ కాగితం మీద నా పేరు కొట్టేసి నీ పేరు రాశాను, దానికి ఏ విలువా లేకపోయినా.

ఫిదాంకా


ప్లొవ్దివ్
5 జూలై 1995

పెద్దమ్మా,

నెల కావస్తోంది, జవాబు లేదు. కోస్తాదిన్ మామ గైడా తీసుకుపోవడానికి రావడం లేదు, నువ్వు వద్దన్నావట. ఎందుకో చెప్పలేదట. దాన్ని చూడడం కూడా నీకు ఇష్టం లేదని అర్థమైంది. నీ కోపం తీరేదాకా నా దగ్గర భద్రంగా ఉంచుతాను.

అమ్మ ఉప్పు కాపడం పెట్టడం మొదలుపెట్టింది. ఇదొక్కటే మంచి కబురు.

ఫిదాంకా


గోర్నో ఓరెహోవో
16 జూలై 1995

నా బంగారు ఫిదాంకా,

కోపం అనుకున్నావా? పిచ్చిపిల్లా. గడ్డి కోతలు. పైన మేత మైదానంలో గుడిసెలో ఉన్నాను, అక్కడికి పోస్టు రాదు, కలం అసలే లేదు. నీ రెండు ఉత్తరాలూ నిన్న దిగి వచ్చాక చదివాను, రెండూ ఒకేసారి. పెద్దదాన్ని మళ్లీ చదివాను. మీనా వాళ్లు శ్రుతి పట్టుకున్న చోట ఆగి, పొయ్యి మీద పాలు పొంగిపోయినా లేవలేదు.

కోస్తాదిన్ గుడిసెకు వచ్చి చిరుగు సంగతి చెప్పి, తీసుకురానా అంటే వద్దన్నది ఎందుకంటే, అది నీ చేత్తో బయటికి వెళ్లింది, నీ చేత్తోనే ఇంటికి రావాలి. నడుమ ఇంకొకడెందుకు? అంత చిన్న మాట కూడా సరిగ్గా అందించలేకపోయాడు, పెద్ద బృందానికి నాయకుడట.

ఇప్పుడు నా మాట విను. ఊపిరి లేదని నాకు తెలుసు. చలికాలంలోనే తెలుసు. క్రిస్మస్ ముందు ఒక రోజు దుప్పటి సరిచేస్తూ దాని మీద చెయ్యి వేశాను, చెయ్యి మంచానికి తగిలింది. అక్కడే కూర్చున్నాను. ఆ తర్వాత కూడా బిరడాలు తీయలేదు. ఎవరైనా అడిగితే ఉందనే చెప్పాను. నిన్ను అడిగినప్పుడు కూడా, నువ్వు ఉందంటే నమ్ముదామనే అడిగాను. నువ్వు లేదన్నావు. అబద్ధం చెప్పాలని అనిపించినా చెప్పలేదు. ఫిదాంకా, ఇంత ధైర్యం మన ఇంట్లో ఇంకెవరికీ లేదు. వెలిన్ అయితే ఉందనే చెప్పేవాడు, నేను బాధపడతానని. వాడు మంచివాడు, నువ్వు వాడికంటే గట్టిదానివి. ఇది రాస్తే వాడికి కోపం రాదు.

ఆ కాగితం అంటించింది నేను. వస్తువు కాదనుకున్నాను. నా చేత్తోనే నిన్ను అంత ఇరకాటంలో పెట్టి, మళ్లీ నేనే అలిగాను. ఆ మీసాలాయన దాన్ని చదివి శిలువ గుర్తు వేసుకున్నాడన్నావు చూడు, అది చదివాక నాకు ఆ మనిషి మీద కోపం పోయింది. నీ పేరు రాసినందుకు కూడా. ఊదితే నీది అన్నాడు. నేను కూడా అంతకంటే మంచి మాట చెప్పలేను. నువ్వు కొట్టేసి నా పేరు రాశావు కదా, దాన్ని మళ్లీ కొట్టేయి. నా పేరు ఎందుకు, నేను ఊదుతానా? వంతెన మీద, అంతమంది లారీల వాళ్ల ముందు, ఎండిన తోలుకు ప్రాణం పోసి నిలబెట్టావు. వెలిన్ నీ పక్కన ఉంటే నోరు తెరుచుకుని చూసేవాడు. మేకల ముందు వాడు అప్పజెప్పిన పాఠం నువ్వు మనుషుల ముందు అప్పజెప్పావు.

తోలు చిరిగినందుకు ఏడవకు. తోలు చిరుగుతుంది, మారుస్తారు. ఆ తోలు కూడా మొదటిది కాదు. వాడి తాత వేయించినది చిరిగితే వాడు వేయించాడు, మన తెల్లమేకది. దాహంతో ఉంచింది నేను. మైదానంలో ఉన్నన్నాళ్లూ మందలో చూసుకుంటూ తిరిగాను. ఒక పోతును ఎంచాను. మెడ పొడుగు, చర్మం మీద ఒక్క గీత లేదు, ముళ్లలోకి పోడు, బుద్ధిమంతుడు. ఆగస్టులో కోస్తాదిన్ వచ్చి పొట్ట కోయకుండా తోలు దించుతానన్నాడు. ఉప్పు నేను పడతాను. ఆ పని నాకు వచ్చు, రెండుసార్లు చేశాను. మూడోసారి చేస్తానని అనుకోలేదు. చిరిగిన పాత తోలు పారేయకు, నాకు తెచ్చివ్వు. వాడి దగ్గర పెట్టి వస్తాను.

అక్టోబర్లో ఏడాది నిండుతుంది. కొత్త నల్లంచు కాగితాలు అచ్చుకు ఇచ్చాను, ఫొటో అదే. గోధుమలు ఉడకబెడతాను, పూజారి వస్తాడు, ఊరంతా వస్తుంది. ఆ రోజు వద్దు. ఆ రోజు ఇంట్లో పాట ఉండకూడదు. మర్నాడు రా. మర్నాటి నుంచి ఉండవచ్చు.

సాబ్రీ బస్సు వాల్‌నట్ చెట్ల దగ్గర ఆగుతుంది, అక్కడే దిగు. కొత్త తోలు నేను ముందే నీకు పంపిస్తాను, బిగించుకుని రా. ఇంటిదాకా వచ్చి తలుపు కొట్టొద్దు. మలుపు దగ్గరి నుంచే ఊదుకుంటూ రా. ఆడపిల్ల ఊదుతోందని జీవ్కా వదిన కిటికీలోంచి చూస్తే చూడనీ.

నువ్వు ఊదితేనే కదా, రొట్టె ఎప్పుడు పొయ్యి మీద పెట్టాలో నాకు తెలిసేది.

ఎదురుచూసే
పెద్దమ్మ